రోహిణి కార్తెలో మైక్రోబయాలజీ ప్రాజెక్టు: ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేవారిలో చాలామంది ప్రాజెక్టు పనిని సరిగ్గా ఎండలు ముదిరిన రోజుల్లో మొదలుపెట్టి, మృగశిర వానలు పడేలోపు ముగించాలని తొందరపడుతుంటారు. సీసా మీద పేరు రాసి ఉన్న కల్చర్‌ను, అంటే ల్యాబ్‌లో పెంచిన క్రిములను, ఎవరైనా భయభక్తులతోనే ముట్టుకుంటారు. మట్టిలోంచో, చెరువు నీటిలోంచో మనమే తెచ్చి పెంచుకున్న పేరులేని క్రిముల ప్లేటు విషయంలోనే అజాగ్రత్త వస్తుంది. అందులో ఏముందో గుర్తించేదాకా దాన్ని రోగకారక క్రిమిగానే భావించి పనిచేయాలి.

జాగ్రత్త శాంపిల్ సేకరించే చోటే మొదలుకావాలి. భద్రకాళి చెరువు నీటికి చేతి తొడుగులు, మూత గట్టిగా బిగిసే స్టెరైల్ సీసా ఉంటే సరిపోతుంది. ఏనుమాముల మార్కెట్ నుంచి బూజు పట్టిన మిర్చి తెచ్చేవారు మాత్రం మాస్కు లేకుండా సంచి విప్పకూడదు, ఎందుకంటే ఆ బూజులో తరచుగా కనిపించే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఫంగస్ గాలిలోకి బీజాలు వదలడమే కాక, కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కూడా తయారుచేస్తుంది. పశువులనో, గొర్రెలనో పూడ్చిన చోట మట్టి అసలే తీయవద్దు. 2021లో మన వరంగల్ జిల్లాలోనే దుగ్గొండి మండలంలో గొర్రెలు ఆంత్రాక్స్‌తో, అంటే మన పల్లెల్లో దొమ్మరోగం అనే దానితో చనిపోయాయి. ఆ బ్యాక్టీరియా బీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి బతికి ఉంటాయి. క్రిములను పెంచే జెల్లీ లాంటి అగర్ మీద గరుకు గాజులా తెల్లగా, అంచులు చిక్కుపడ్డ జుట్టులా ఉన్న కాలనీ కనిపిస్తే, చాలాసార్లు అది మట్టిలో ఉండే మామూలు బాసిల్లసే అయినా, మూత తీయకుండా ముందు గైడ్‌కు చూపించాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువగా అపోహ ఉన్నది లామినార్ ఎయిర్ ఫ్లో గురించి, అంటే వడకట్టిన గాలి వీస్తుండగా ప్లేట్లు తెరిచి పనిచేసే బల్ల గురించి. దాని ముందు కూర్చుంటే తమకు రక్షణ ఉందని విద్యార్థులు అనుకుంటారు. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే అడ్డంగా గాలి వీచే రకంలో, వెనుక ఫిల్టర్ నుంచి వచ్చిన శుభ్రమైన గాలి ప్లేటు మీదుగా నేరుగా మన ముఖం మీదికే వస్తుంది. కాబట్టి అది ప్లేటును మన నుంచి కాపాడుతుందే తప్ప మనల్ని ప్లేటు నుంచి కాపాడదు. బూజు నిండిన మిర్చి ప్లేటును అక్కడ తెరవడమంటే ఆ బీజాలను మన ముక్కులోకి మనమే ఊదుకోవడం. పనిచేసేవారికీ రక్షణ కావాలంటే రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్ ఉండాలి. అది లేని ల్యాబ్‌లో ఫంగస్ బాగా ఎదిగిన ప్లేటుకు పారాఫిల్మ్ అనే సాగే పలుచని పొరను చుట్టి, మూత మీది నుంచే పరిశీలించాలి. వాసన చూసి కాలనీని గుర్తుపట్టే పాత అలవాటును పూర్తిగా మానుకోవాలి. లామినార్‌లోని యూవీ (అతినీలలోహిత) దీపం వెలుగుతుండగా చేతులు లోపల పెట్టినా, దానివైపు చూసినా ఆ క్షణంలో ఏమీ తెలియదు, రాత్రికి మాత్రం కళ్లలో కారం కొట్టినట్టు మండి నిద్ర పట్టదు.

పీడనంలోని ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ విషయంలో నా చేతి మీద ఇప్పటికీ ఉన్న మచ్చే సాక్ష్యం. చదువుకునే రోజుల్లో, పీడనం సున్నాకు దిగీ దిగకముందే మూత తీసి, అగర్ ఫ్లాస్కును బయటికి తీసి కలిసేందుకు ఒక్కసారి తిప్పాను. నిశ్చలంగా ఉన్న ద్రవం బుస్సున పొంగి మణికట్టు మీద పడింది. అగర్ నీళ్లలా జారిపోదు, చర్మానికి అంటుకుని అక్కడే కాలుస్తుంది. ముల్లు సున్నాకు వచ్చాక కూడా పది నిమిషాలు ఆగి, మందమైన గ్లౌజులతో తీయాలి. స్టెరిలైజేషన్‌కు 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, 15 నిమిషాలు అని అందరూ అప్పజెప్తారు కానీ, లోపలి గాలంతా బయటికి పోకముందే వాల్వు మూస్తే ముల్లు 15 చూపించినా వేడి 121కి చేరదని మరచిపోతారు. ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగవలసింది అందుకే. స్క్రూ మూతలు వదులుగా ఉంచాలి.

ఎండ చేసే మోసం వేరే రకం. ప్లేట్లను ఒకే వేడిలో ఉంచి క్రిములను పెంచే సాధారణ ఇంక్యుబేటర్‌లో వేడి చేసే కాయిల్ మాత్రమే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. మధ్యాహ్నం గదే 40 డిగ్రీలు దాటితే, 37కి పెట్టిన ఇంక్యుబేటర్ 37లో ఉండలేదు. 28 డిగ్రీల దగ్గర పెరగవలసిన మట్టి ఫంగస్ రాకపోతే, శాంపిల్‌లో అది లేదని రాసేస్తారు. చల్లబరిచే ఏర్పాటు కూడా ఉండే బీఓడీ ఇంక్యుబేటర్‌లో స్థలం ముందే అడిగి పెట్టుకోండి, లోపల విడిగా థర్మామీటర్ ఉంచి పూటకొకసారి నోట్‌బుక్‌లో రాయండి, కరెంటు పోయిన సమయాన్ని కూడా రాయండి. ఉక్కకు తాళలేక ప్లేట్లు పోసేటప్పుడు ఫ్యాన్ వేస్తే గదిలోని దుమ్మంతా ప్లేట్లలో పోసిన మీడియాలో (క్రిముల ఆహారంలో) మొలకెత్తుతుంది. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచిన బల్ల, చేతులు ఆరకముందే స్పిరిట్ ల్యాంప్ వెలిగించకూడదు. తొలి వానలు పడ్డాక ప్లేటు మూతకు పట్టిన తేమ బొట్లుగా కాలనీల మీద పడకుండా ప్లేట్లను తలకిందులుగానే ఉంచాలి.

క్రిములను చంపే హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం వేడికి బలం కోల్పోతుంది కనుక రోజూ కొత్తగా కలుపుకోవాలి. కల్చర్ ఒలికితే టిష్యూ కాగితాలు కప్పి, అంచుల నుంచి మధ్యకు ద్రావణం పోసి, 20 నిమిషాలు ఆగాకే తుడవాలి. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేయకుండా చెత్తబుట్టలో వేయకూడదు, ఎందుకంటే ఆ బుట్టను మోసేది గ్లౌజులు కూడా లేని ల్యాబ్ అటెండర్. పిపెట్‌ను నోటితో పీల్చవద్దని ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కరలేదు కానీ, కాలనీ ఫొటో తీసిన ఫోన్‌నే గ్లౌజులు తీశాక పట్టుకుని, అదే చేత్తో టిఫిన్ డబ్బా తెరుస్తున్నవారికి మాత్రం చెప్పవలసి వస్తోంది. ఫొటో తీయాలంటే పక్కవారిని తీయమనండి.

రోగుల శాంపిళ్లతో పనిచేయబోయేవారు హెపటైటిస్ బి టీకా సంగతి ఇప్పుడే చూసుకోవాలి, మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. ప్రాజెక్టు నడుస్తున్న నెలల్లో జ్వరం వస్తే వడదెబ్బ అనుకుని మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి, ల్యాబ్‌లో ఏ క్రిమితో పనిచేస్తున్నారో, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేయలేదని మీ సెన్సిటివిటీ ప్లేట్లలో తేలిందో కాగితం మీద రాసి ఇవ్వండి.