సొంత బ్యాండ్ ఆల్బమ్: రికార్డింగ్ నుంచి మాస్టరింగ్ దాకా

స్టూడియోకు గంటల లెక్కన అద్దె కట్టే స్వతంత్ర బ్యాండ్‌కు పాటల గురించిన చర్చలు అక్కడ పెట్టుకునే తాహతు ఉండదు. ప్రతి పాట టెంపో, శ్రుతి, ఏ చరణంలో ఏ వాయిద్యం ఆగాలన్నది రిహార్సల్ రోజుల్లోనే తేల్చుకుని, క్లిక్‌కు (టెంపో చూపే టిక్‌టిక్ శబ్దానికి) తోడు ఒక గిటారు, ఒక గొంతుతో గైడ్ ట్రాక్ (వింటూ వాయించుకునే నమూనా) సిద్ధం చేసుకోవాలి. సెషన్‌ను (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట ఫైలును) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తెరిచి, అత్యంత బిగ్గరగా వాయించే చోట కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెట్టుకుంటే చాలు. 24 బిట్‌లో లెవెల్ కాస్త తగ్గినా నష్టం లేదు గాని, క్లిప్ అయిన (లెవెల్ సున్నా డెసిబెల్స్ హద్దు దాటి పగిలిన) టేకును పూర్తిగా బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ముందుగా డ్రమ్స్ రికార్డు చేయడం ఆనవాయితీ. డ్రమ్స్ పైన ఉండే రెండు ఓవర్‌హెడ్ మైకులూ స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. తాడు ఒక కొసను స్నేర్ మీద అదిమిపట్టి, రెండో కొసను ఒక్కొక్క మైకు దాకా లాగి చూస్తే తేడా బయటపడుతుంది. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక జానెడు తేడా ఉన్నా శబ్దం రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరి స్నేర్ పలచబడవచ్చు. స్నేర్ కింద కూడా మైకు పెడితే, దాని పొలారిటీని (సిగ్నల్ ప్లస్, మైనస్ దిశను) తిప్పి ఒకసారి, తిప్పకుండా ఒకసారి విని, నిండుగా ఉన్నదాన్ని ఉంచాలి. గిటారుకు ఆంప్ ముందు ఎస్‌ఎం57 వంటి డైనమిక్ మైకు పెట్టి, డీఐ సిగ్నల్‌ను (ఆంప్ గుండా పోకుండా గిటారు నుంచి నేరుగా తీసినదాన్ని) కూడా వేరే ట్రాక్‌లో దాచుకుంటే, తరువాత టోన్ నచ్చకపోయినా మళ్లీ వాయించకుండా రీఆంప్ చేసుకోవచ్చు (ఆ సిగ్నల్‌ను ఆంప్ గుండా పంపి రికార్డు చేయవచ్చు). బాస్‌కు చాలావరకు డీఐ ఒక్కటే సరిపోతుంది.

అన్నింటికన్నా ఎక్కువ సమయం గొంతుకు ఇవ్వాలని నా అభిప్రాయం. తెలుగు రాక్ పాటల్లో మాటలు వినబడవన్న ఫిర్యాదుకు మూలం తరచుగా పాడే తీరులోనే ఉంటుంది: మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఊపిరి తగ్గే చోట గాయకుడు ఆ చివరి అక్షరాన్ని మింగేస్తాడు, ఆపైన గిటార్లు వచ్చి కప్పేస్తాయి. ‘వెళ్లిపోయావు’లో ‘వు’ పోతే, పాటలో వెళ్లిపోయినవాడు పాడేవాడే అవుతాడు. పాట ఎన్నడూ విననివారికి సాహిత్యం ఇవ్వకుండా వినిపించి, విన్నది విన్నట్టు రాయమని, వారు తప్పు రాసిన పంక్తులను మళ్లీ పాడించడం మంచి పద్ధతి. ఫ్యాను, ఏసీ ఆపి, గాయకుడి వెనుక మందపాటి దుప్పట్లు వేలాడదీసి, పాప్ ఫిల్టర్ (‘ప’, ‘బ’ల ఊపిరి దెబ్బను ఆపే తెర) పెట్టి, మైకుకు జానెడు దూరంలో నిలబెట్టాలి.

మిక్సింగ్‌లో (ట్రాక్‌లన్నింటినీ కలిపే దశలో) ప్లగిన్ల (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ల) జోలికి పోకముందే ఫేడర్లతోనే (ట్రాక్‌ల లెవెల్ మార్చే మీటలతోనే) పాట నిలబడేలా బ్యాలెన్స్ చేయాలి. గొంతు మీద, గిటార్ల మీద సుమారు 80 నుంచి 100 హెర్ట్జ్ కింది భాగాన్ని హైపాస్ ఫిల్టర్‌తో తీసేస్తే కిక్, బాస్‌లకు చోటు దొరుకుతుంది. ఎంత కంప్రెస్ చేసినా (లెవెల్ హెచ్చుతగ్గులను దగ్గర చేసినా) కొన్ని చివరి అక్షరాలు మునిగే ఉంటాయి. వాటిని ఆటొమేషన్‌తో (లెవెల్ మార్పులను ముందే రాసిపెట్టే సదుపాయంతో) ఒక్కొక్కటిగా ఒకటి రెండు డెసిబెల్స్ పైకి లేపడం విసుగు పుట్టించే పనే అయినా దానికి ప్రత్యామ్నాయం లేదు. ‘స’, ‘శ’ గుచ్చుకుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (ఆ పదునును తగ్గించే సాధనం) వాడాలి. ఆ తరువాత తక్కువ వాల్యూమ్‌లో, మోనోలో, ఫోను స్పీకరులో వినాలి.

మాస్టరింగ్‌ను (మిక్స్‌కు చివరి మెరుగు దిద్ది విడుదలకు సిద్ధం చేసే పనిని) వీలైతే మిక్స్ చేయని మరొకరికి అప్పగించడం మేలు. స్పాటిఫై మామూలుగా పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (వినబడే బిగ్గరతనపు కొలతకు) సర్దుతుంది కాబట్టి, లిమిటర్‌తో (లెవెల్ హద్దు దాటకుండా ఆపే సాధనంతో) నలిపి బిగ్గరతనం కోసం పోటీపడడం వృథా. ట్రూ పీక్ (సిగ్నల్ అసలు గరిష్ఠ స్థాయి) మాత్రం మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. పాటలన్నింటినీ ఒకే లెవెల్‌కు లాగకుండా, నెమ్మది పాటలోని గొంతు, హోరు పాటలోని గొంతు వరుసగా వింటే సహజంగా ఉన్నాయా అన్నది చూడాలి. సీడీ కోసమైతే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కు మార్చే చివరి మెట్టులో ఒక్కసారే డిథర్ (బిట్‌లు తగ్గించినప్పుడు వచ్చే వికృతిని కప్పే అతి సన్నని రొద) వేయాలి. ప్రతి రికార్డింగ్‌కు 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగ్‌ను గుర్తించే అంతర్జాతీయ కోడ్) ఉండాలి; డిస్ట్రిబ్యూటర్ (పాటలను స్ట్రీమింగ్ వేదికలకు చేర్చే సంస్థ) ఇచ్చిన కోడ్‌ను పాట పేరుతో సహా రాసిపెట్టుకుని, మాస్టర్ వేవ్ ఫైళ్లను, సెషన్ ఫోల్డర్‌ను రెండు వేర్వేరు డ్రైవుల్లో భద్రపరచాలి.