ఊళ్లోని పాత గుడి మరమ్మతుకు ప్రభుత్వ నిధులు తెచ్చుకోవడం ఎలా?

వందల ఏళ్ల నాటి గుడి కప్పు కురుస్తున్నదనో, గోపురానికి బీట పడిందనో గ్రామస్థులు కమిటీగా ఏర్పడి నిధుల కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలే. చాలా ఏళ్లుగా అటువంటి కమిటీలతో కలిసి తిరిగిన అనుభవంతో ఒక్క మాట ముందే చెప్పాలి. డబ్బు రాక శిథిలమైన గుళ్లకంటే, డబ్బు వచ్చాక రూపు కోల్పోయిన గుళ్లనే నేను ఎక్కువగా చూశాను. దానికి కారణం దాదాపు ప్రతిసారీ అంచనా పత్రంలోనే ఉంటుంది. అందుకే మిగతా దశలను క్లుప్తంగా చెప్పి, అంచనా తయారీ గురించి మాత్రం వివరంగా చెబుతాను.

ముందుగా గుడి ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోవాలి. కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో దేశం మొత్తం మీద 3,600కు పైగా కట్టడాలున్నాయి. మీ గుడి వాటిలో ఒకటైతే ఆవరణలో నీలిరంగు బోర్డు కనిపిస్తుంది, మరమ్మతు బాధ్యత కూడా ఆ శాఖదే అవుతుంది. అక్కడ గ్రామస్థులు ఒక్క తాపీ పట్టినా ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టం కింద నేరం. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షించే కట్టడాల విషయంలోనూ ఆ శాఖ అనుమతి లేనిదే ఏ పనీ చేయకూడదు. ఈ రెండింటిలోనూ లేకుండా, దేవాదాయ శాఖ రిజిస్టరులో దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద నమోదై ఉన్న గుడి గురించే ఈ వ్యాసం. నమోదు కాకపోతే ముందు నమోదు చేయించండి, లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. మరో జాగ్రత్త కూడా ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ గుడి రక్షిత కట్టడం కాకపోయినా అటువంటి కట్టడం పక్కన ఉంటే మరమ్మతుకు కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి.

నిధి పేరు సర్వశ్రేయో నిధి. అందరూ సి.జి.ఎఫ్. (కామన్ గుడ్ ఫండ్) అంటారు. దేవాదాయ చట్టం, అంటే 1987 నాటి 30వ చట్టంలోని 70వ సెక్షన్ దీనికి ఆధారం. తెలంగాణ కూడా ఆ చట్టాన్నే అన్వయించుకున్నది. ఆదాయం ఉన్న దేవాలయాలు చెల్లించే వాటాలతో ఈ నిధి సమకూరుతుంది, ఆదాయం లేని దేవాలయాల జీర్ణోద్ధరణకు ఖర్చవుతుంది. అంటే ఏదో పెద్ద క్షేత్రంలో భక్తుడు హుండీలో వేసిన రూపాయే మీ ఊరి గుడి కప్పుకు వస్తున్నది. దాన్ని ఎంత శ్రద్ధగా ఖర్చు చేయాలో వేరే చెప్పనక్కరలేదు. ఇది కాక తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీవాణి ట్రస్టు కూడా ఆలయాల నిర్మాణానికి, పునరుద్ధరణకు సాయం చేస్తున్నది. కాగితాలు దాదాపు ఒక్కటే కాబట్టి ఇక్కడ చెప్పింది అక్కడా పనికివస్తుంది.

కావలసినవి కొన్నే: కొలత టేపు, తూకపు గుండు, టార్చిలైటు, మంచి కెమెరా ఉన్న ఫోను, గళ్ల నోటుపుస్తకం, వేలెడు వెడల్పున కోయించిన సన్నని గాజు పలకలు పది. ఫొటోలు ఉదయం ఎనిమిది లోపే తీయాలి. ఏటవాలు ఎండలో పగుళ్లూ శాసనాల అక్షరాలూ స్పష్టంగా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నపు ఫొటోలు ఎందుకూ కొరగావు. ప్రతి ఫొటోలోనూ కొలబద్ద కనిపించాలి.

దరఖాస్తు దశ తేలిక. కమిటీ తీర్మానం, నమోదు పత్రం, గుడి ఆదాయ వ్యయాలు, భూమి వివరాలు, అర్చకుడి వాంగ్మూలం, ఫొటోలు జతచేసి జిల్లాలోని దేవాదాయ శాఖ సహాయ కమిషనరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ప్రజాప్రతినిధి సిఫారసు ఉత్తరం కోసం నెలల తరబడి ఆగవద్దు. అది తర్వాత జతచేసినా సరిపోతుంది. చాలా కమిటీలు ఆ ఉత్తరంతోనే పని మొదలుపెట్టి, అంచనా సంగతి పట్టించుకోక, చివరికి ఎవరో రాసిచ్చిన అంచనాతో తృప్తి పడుతున్నాయి.

ఇక అంచనా. ఇక్కడ తొందర పడితే తర్వాత దిద్దుకునే వీలుండదు.

కృష్ణా తీరంలోని ఒక ఊరిలో నేను చాలా ఆలస్యంగా అడుగుపెట్టాను. ముఖమండపం కురుస్తున్నదని కమిటీ దరఖాస్తు చేసింది. అంచనాలో ఒకే వాక్యం ఉంది: ‘శిథిలమైన పాత మండపమును తొలగించి కొత్త స్లాబు వేయుట’. నిధులు మంజూరయ్యాయి, యంత్రం వచ్చింది, రెండు రోజుల్లో మండపం నేలమట్టమైంది. నేను వెళ్లేసరికి పదహారు రాతి స్తంభాలు చెరువుగట్టున పడి ఉన్నాయి. ఒకదాని మీద పదకొండు పంక్తుల తెలుగు శాసనం ఉంది. దాని మీద బట్టలు ఉతుకుతున్నారు. పైకి ఎక్కి చూసినవారు లేరు కాని, ఆ కప్పు కురవడానికి కారణం నీటి తూము పూడుకుపోవడమేనని పడగొట్టిన పనివాళ్లే నాతో చెప్పారు. ఎవరూ చెడుతలంపుతో చేసింది కాదు. కాగితం మీద ఏది రాస్తే అదే జరుగుతుంది, అంతే.

అందువల్ల అంచనా రాసే ఇంజనీరు రాకముందే స్థపతిని (గుడి కట్టడాల శిల్పిని) గాని, రాతిగుళ్ల పని తెలిసిన మేస్త్రీని గాని వెంటబెట్టుకుని గుడి మొత్తం నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. నాలుగు గడులు గీయండి: చోటు, దెబ్బ, కారణం, చేయవలసిన పని. ‘మండపం పాడైంది’ అని రాయకూడదు, ‘ముఖమండపం, ఈశాన్య మూల, రెండవ దూలం పక్కన రెండు జానల మేర చెమ్మ, పైన తూములో మట్టి, రావి మొక్క, మట్టి తీసి, మొక్కను తొలగించి, అతుకులు సున్నంతో పూడ్చాలి’ అని రాయాలి. ఈ పట్టిక తెలుగులో, చేతిరాతతోనే ఉండాలి. రేపు పరంజా మీద నిలబడి దాన్ని చదవవలసినవాడు మేస్త్రీ. కారణం గడి ఖాళీగా ఉంటే పని గడి నింపవద్దు.

పగుళ్ల విషయంలో ఇంకా ఓపిక కావాలి. పగులు పాతదై ఆగిపోయిందా, ఇంకా కదులుతున్నదా అన్నది కంటితో చెప్పలేం. పగులుకు అడ్డంగా గాజు పలకను పెట్టి, రెండు చివర్లను గట్టిగా అతికించి, దాని మీద తేదీ రాయాలి. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. ఒక వానాకాలం గడిచాక కూడా పలకలన్నీ నిలిచి ఉంటే పగులు పూడ్చడంతో సరిపోతుంది. విరిగితే పునాదిని పరీక్షించకుండా పైపూత వేయడం ప్రమాదం. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది; బీటలు అంతకుముందే అందరికీ కనిపించాయి. ఒక్క వానాకాలం ఆగడానికి కమిటీలు ఇష్టపడవని నాకు తెలుసు. అయినా ఆగాలి. విరిగిన గాజు పలక ఫొటో, దాని మీది తేదీతో సహా ఫైలులో ఉంటే, పునాది పనికి విడిగా డబ్బు అడగడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

తర్వాతది సిమెంటు సంగతి. ఇంజనీర్లకు అలవాటైన పద్దులు, ప్రభుత్వ ధరల పట్టికలో సులువుగా దొరికే పద్దులు సిమెంటువే కాబట్టి, మనం అడగకపోతే అంచనా నిండా అదే ఉంటుంది. పాత గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు. నీరు పక్కనున్న మెత్తని ఇటుకలోకీ రాతిలోకీ తిరుగుతుంది, దానితోపాటు వచ్చిన లవణాలు లోపలే గడ్డకట్టి, రాతి పైపొరను పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తాయి. సున్నపురాళ్లు కాల్చి, నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బిన డంగు సున్నం రాతికంటే మెత్తనిది. గోడ సర్దుకుంటే పగిలేది సున్నమే గాని రాయి కాదు; ఆ సున్నాన్ని మళ్లీ పూడ్చుకోవచ్చు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం మన మేస్త్రీలకు తరతరాలుగా తెలిసిన పనే. కాబట్టి అంచనాలో ‘డంగు సున్నంతో’ అన్న మాట ప్రతి పద్దులోనూ విడివిడిగా ఉండాలి. ఎక్కడో పైన ఒకసారి రాసి వదిలేస్తే కాంట్రాక్టరుకు అది కనిపించదు. సున్నం పనికి పట్టికలో ధర లేదని ఇంజనీరు చెబితే ఇద్దరు ముగ్గురు పనివాళ్ల నుంచి కొటేషన్లు తెచ్చి, రేటు లెక్క కట్టి జతచేయమని కోరండి. అడిగినవారు తక్కువ గాని, అడిగితే ఆ దారి ఉంది.

కప్పు మీద మరో పొర వేయించడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. తరాలుగా ప్రతివారూ కురుస్తున్నదని ఒక్కో పొర వేస్తూ పోవడం వల్ల బరువు పెరిగి దూలాలు వంగిన గుళ్లు ఎన్నో ఉన్నాయి. అంచనాలో ‘తర్వాతి కాలంలో వేసిన పొరలు జాగ్రత్తగా తొలగించి, ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు తూముల వైపు వాలుగా వేయుట’ అని ఉండాలి. రావిమొక్కను లాగి పీకకూడదు, దాని వేరుతో పాటే రాళ్లు కదిలివస్తాయి; కొమ్మలు కోసి, వేరు ఎండిపోయాక కొద్దికొద్దిగా తీయాలి.

రాళ్లు విప్పక తప్పని పరిస్థితి ఒక్కోసారి వస్తుంది. అప్పుడు ప్రతి రాయికీ అంకె వేసి, అవే అంకెలతో గోడ బొమ్మ గీసుకుని, ఆ బొమ్మను అంచనాలో భాగం చేయాలి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టగలిగారు. అంత పెద్ద రాతిగుడికి సాధ్యమైనది మన ఊరి నాలుగు స్తంభాల మండపానికి సాధ్యం కాదనడం సరికాదు. శాసనాలుంటే రాయిని కదిలించక ముందే పురావస్తు శాఖకు రాసి నకలు తీయించాలి. శాసనాల మీద గాని శిల్పాల మీద గాని ఎనామిల్ రంగు వేయరాదన్నది కూడా ఒక షరతుగా అంచనాలోనే చేర్చండి. కుంభాభిషేకం ముందు వారంలో ఎవరో దాత రంగుడబ్బాలతో వస్తారు, అప్పుడు ఆ కాగితమే మీకు అండ.

అంచనా ఇంజనీరు సంతకంతో చేతికి వచ్చాక, మీ పట్టికను పక్కన పెట్టుకుని ఒక్కో పద్దూ సరిపోల్చండి. ‘తొలగించుట’ అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఆగి, ఏది తొలగిస్తారో, ఎంత మేర తొలగిస్తారో రాయించండి. మొత్తం కలిపి ఒకే సొమ్ము వేసిన పద్దు ఉంటే వెనక్కి పంపండి. ఇందుకు నెల పట్టినా ఫర్వాలేదు.

ఆపైన పని వేగంగా సాగుతుంది. సహాయ కమిషనరు సిఫారసుతో ఫైలు కమిషనరుకు, అక్కడి నుంచి నిధి కమిటీకి వెళ్తుంది. అమలులో ఉన్న జి.ఓ. ప్రకారం గ్రామస్థుల వాటా ఎంతో తెలుసుకుని, ఆ మొత్తాన్ని శాఖ చెప్పిన ఖాతాలో జమచేయాలి. మంజూరయ్యాక గర్భాలయంలో పని ఉంటే బాలాలయం (పూజలకు తాత్కాలిక గుడి) ఏర్పాటు చేసి, ఆగమం తెలిసినవారి చేత కళాకర్షణ (మూలమూర్తిలోని దైవశక్తిని అక్కడికి ఆవాహన చేసే క్రతువు) జరిపించాకే పరంజా కట్టాలి. పని జరిగే రోజుల్లో కమిటీ సభ్యుడొకరు పట్టిక చేతపట్టుకుని అక్కడ ఉండాలి. సున్నం గానుగ దగ్గర సిమెంటు బస్తా కనిపిస్తే ఆ రోజే రాతపూర్వకంగా ఇంజనీరుకు తెలియజేయాలి. ఇంజనీరు కొలతల పుస్తకంలో రాసే ప్రతి కొలతనూ మీ టేపుతో మరోసారి సరిచూడండి. పాత చోట్లనే, అదే కోణంలో, అదే ఉదయపు వెలుతురులో మళ్లీ ఫొటోలు తీసి తుది బిల్లుకు జతచేయండి. గాజు పలకల్లో రెండింటినైనా పూడ్చిన పగుళ్ల మీద కొత్త తేదీతో తిరిగి అతికించి, వచ్చే ఏడాది వానలు వెలిశాక వెళ్లి చూడండి.