షూటింగ్ వీడియో గేముల్లో గురి సాధనకు కూర్చునే ముందు జాగ్రత్తలు

• విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. పేరు చూసి మోసపోవద్దు. అది ఉంటే చేతి వేగాన్ని బట్టి కర్సర్ వెళ్ళే దూరం మారిపోతుంది. రా ఇన్‌పుట్ వాడే ఆటలపై (అంటే మౌస్ కదలికను విండోస్ మార్పులు లేకుండా నేరుగా తీసుకునేవాటిపై) దీని ప్రభావం ఉండదు, అయినా తీసేస్తే పోయేదేమీ లేదు.

• సెన్సిటివిటీని స్కేలు పెట్టి కొలవండి. ఆటలో 360 డిగ్రీలు తిరగడానికి మౌస్ ఎన్ని సెంటీమీటర్లు జరగాలో చూడండి. ఆచితూచి కాల్చే ఆటలకు 30 నుంచి 50 మధ్య నా ఓటు. ఒక ఆటలోని సెన్సిటివిటీ అంకె మరో ఆటకు పనికిరాదు: డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే నమోదయ్యే చుక్కల సంఖ్య) మార్చకుండా కౌంటర్-స్ట్రైక్ విలువను 3.18తో భాగిస్తేనే వాలరెంట్‌లో అదే వేగం వస్తుంది. కుదిరిన విలువను ఓడిన ప్రతిసారీ మార్చకండి. చాలామంది సాధన మట్టిలో కలిసేది ఇక్కడే.

• 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు తెర మారే) మానిటర్ కొన్నా విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోయిందేమో చూడండి. వి-సింక్ (ఆట ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆలస్యాన్ని పెంచుతుంది, ఆపేయండి.

• కంట్రోలర్ స్టిక్ వదిలేసినా కెమెరా జరుగుతోందా? డెడ్ జోన్‌ను (స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని మధ్య భాగాన్ని) అది ఆగేంతవరకే పెంచండి. ఎక్కువైతే సన్నని కదలికలు పోతాయి.

• మణికట్టు నొప్పిగా ఉంటే ఆ రోజుకు వద్దు.

• మ్యాచ్‌కు ముందు ఖాళీ మ్యాప్‌లో ఒక చుట్టు నడవండి. ప్రతి మలుపులోనూ క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) నేలవైపు జారకుండా, శత్రువు తల ఉండే ఎత్తులోనే నిలపండి. అలా నిలిపితే శత్రువు ఎదురైనప్పుడు మౌస్‌ను కాస్త పక్కకు జరిపితే చాలు.