హంతకుడు తెలియని హత్య: ప్రాచీన ఇశ్రాయేలీయుల న్యాయవిధిని అంచెలంచెలుగా ఎలా చదవాలి?

ప్రాచీన ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రంలో, అంటే బైబిల్‌లోని మొదటి అయిదు కాండాల విధుల్లో, సమాజ బాధ్యత అనగానే చాలామంది పాఠకులకు ఒకడు చేసిన తప్పుకు అందరూ శిక్ష అనుభవించడమే గుర్తుకు వస్తుంది. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమైనది కాకపోయినా, ధర్మశాస్త్రంలోని విధులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే శిక్ష వేరనీ, జవాబుదారీతనం వేరనీ తెలుస్తుంది. ఈ తేడాను గుర్తించే పద్ధతిని నేర్చుకోవడానికి ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలోని మొదటి తొమ్మిది వచనాలు చాలా అనువైనవి. పొలంలో ఒక శవం కనబడింది; చంపినవాడెవడో తెలియదు; అప్పుడేం చేయాలన్నదే ఆ తొమ్మిది వచనాల విషయం.

ముందుగా వ్యాఖ్యానాలన్నీ పక్కన పెట్టి, ఆ భాగాన్ని ఒకటికి రెండుసార్లు నెమ్మదిగా చదవండి. చదువుతూ, ఎవరు ఎప్పుడు రంగంలోకి వస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. మొదట పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి శవం పడి ఉన్న చోటి నుంచి చుట్టుపక్కల ఊళ్ల దూరం కొలుస్తారు. ఏ ఊరు దగ్గరిదో తేలాక న్యాయాధిపతుల ప్రస్తావన మళ్లీ రాదు. బాధ్యత ఆ ఊరి పెద్దలదవుతుంది. యాజకులైన లేవీయులు, అంటే ఆరాధన కర్మలు జరిపించే లేవీ గోత్రంవారు, అయిదో వచనంలో గానీ కనబడరు. ఇక హతుడి పేరు, వాడి ఊరు, వాడు స్వదేశీయుడా పరదేశా అన్న సంగతి ఎక్కడా లేవు. వాడెవడైనా సరే, విధి ఒకటే.

తరువాత చేయవలసిన పనులను వరుసగా గుర్తించండి. ఏ పనికీ పెట్టని, కాడి లాగని పెయ్యను పెద్దలు తీసుకొని, ఎప్పుడూ నీరు పారే ఏటి లోయకు, అదీ దున్నని విత్తని చోటికి తోలుకొని వెళ్లి, అక్కడ దాని మెడ విరగగొట్టాలి. ఆ పెయ్య మీద చేతులు కడుక్కొని, తమ చేతులు ఈ రక్తం చిందించలేదనీ, తమ కళ్లు దాన్ని చూడలేదనీ పలకాలి. నిర్దోషి రక్తం తాలూకు దోషాన్ని ప్రజల మధ్య ఉండనివ్వవద్దని దేవుణ్ణి వేడుకోవాలి. ఇందులో బలిపీఠం లేదు, రక్తం చల్లడం లేదు, మాంసం తినడం లేదు. కాబట్టి దీన్ని లేవీయకాండములోని బలుల కోవలో తొందరపడి చేర్చకూడదు. చేతులు కడుక్కోవడం అనగానే మత్తయి సువార్తలో యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పిలాతు జ్ఞప్తికి రావడం సహజమే. కానీ పిలాతు తన ఎదుటే జరుగుతున్న అన్యాయం నుంచి తప్పుకోవడానికి చేతులు కడుక్కున్నాడు, ఈ పెద్దలేమో తమకు తెలియని హత్యకు జవాబు చెప్పడానికి అందరి ముందుకు వచ్చి నిలబడతారు.

మూడో అంచె అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం: ఈ విధి ఏమి అడగడం లేదో చూడండి. దగ్గరి ఊరివారిలో ఎవరినీ పట్టుకొమ్మని చెప్పదు, హతుడి బంధువులకు సొమ్ము ఇమ్మనీ చెప్పదు. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దానికి చెందిన బాబిలోను రాజు హమ్మురాబి చట్టాలతో పోల్చినప్పుడు ఈ మౌనం స్పష్టంగా తెలుస్తుంది. దొంగ దొరకకపోతే పోయిన సొత్తును ఆ ఊరూ అధికారీ ఇచ్చుకోవాలనీ, ప్రాణమే పోతే మృతుడి వారికి ఒక మినా, అంటే సుమారు అర కిలో వెండి చెల్లించాలనీ ఆ చట్టాల్లోని 23, 24 విధులు చెబుతాయి. అక్కడా ఊరిదే బాధ్యత, కానీ అది వెండితో తీరిపోతుంది. ఇశ్రాయేలులో ఎందుకు తీరదో సంఖ్యాకాండము 35వ అధ్యాయం చివర చదివితే అర్థమవుతుంది: హంతకుడి ప్రాణానికి విమోచన ధనం తీసుకోరాదు, చిందిన రక్తం దేశాన్ని అపవిత్రం చేస్తుంది, చిందించినవాడి రక్తం వల్ల తప్ప దానికి ప్రాయశ్చిత్తం కలగదు. మరి ఆ చిందించినవాడే తెలియకపోతే? పెయ్య విధి ఆ చిక్కు దగ్గరే నిలబడి ఉంది. అయితే ఈ రెండు కాండాలూ ఒకే చేతి రచనలు కావని చాలామంది పండితులు భావిస్తారు గనుక, ఒకదాన్ని మరొకదానికి సాక్ష్యంగా వాడవచ్చునే గానీ వివరణగా భావించరాదు.

ఇక ఎదురు సాక్ష్యాన్ని కూడా వెదకండి. పిల్లల దోషానికి తండ్రులనూ, తండ్రుల దోషానికి పిల్లలనూ చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16 శాసిస్తుంది. యూదా రాజు అమజ్యా తన తండ్రిని చంపినవారికి మరణశిక్ష విధించినా, ఈ విధిని బట్టి వారి పిల్లలను విడిచిపెట్టాడని రెండవ రాజుల గ్రంథం 14వ అధ్యాయం చెబుతుంది. మరోవైపు యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఆకాను ఒక్కడు దొంగిలించినందుకు సైన్యం ఓడిపోతుంది, అతని కొడుకులూ కూతుళ్లూ అతనితోపాటే నాశనమవుతారు. ఈ రెంటినీ బలవంతంగా ఒకే సిద్ధాంతంలో ఇమడ్చకండి. రెండింటినీ పక్కపక్కనే రాసి ఉంచుకోండి.

చివరి అంచెలో, తరువాతి కాలపు యూదు పెద్దలు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో చూడాలి. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చబడిన యూదు ధర్మవిధుల సంకలనం మిష్నాలో సోటా అనే భాగపు తొమ్మిదో అధ్యాయం ఈ విధి గురించి మాట్లాడుతుంది. కొలత శవం బొడ్డు నుంచి మొదలుపెట్టాలని రబ్బీ (యూదు ధర్మబోధకుడు) ఎలియెజరు, ముక్కు నుంచి అని రబ్బీ అకీవా వాదించుకుంటారు. చదివేవారికి నవ్వు రావచ్చు, కానీ ఏ ఊరు జవాబు చెప్పాలన్నది ఆ కొలతతోనే తేలుతుంది. అదే అధ్యాయంలో ఒక సూటి ప్రశ్న ఉంది: ఊరి పెద్దలే హంతకులని ఎవరైనా అనుకుంటారా? మరి వారెందుకు ప్రమాణం చేయాలి? ఆ మనిషి తమ దగ్గరికి వస్తే తిండి పెట్టకుండా పంపలేదనీ, కంటబడితే తోడు లేకుండా విడిచిపెట్టలేదనీ చెప్పడమే వారి మాటల భావమని మిష్నా జవాబిస్తుంది. పెయ్య మెడ విరగ్గొట్టక ముందే హంతకుడు దొరికితే దాన్ని మళ్లీ మందలోకి తోలాలి. విరగ్గొట్టిన తరువాత దొరికినా వాడికి శిక్ష తప్పదు. కర్మ జరిగినంత మాత్రాన నేర విచారణ ముగిసిపోదన్నమాట.

తిండి, తోడు అన్న ఈ వివరణ శతాబ్దాల తరువాతిది. మూల వచనాల్లో ఆ మాటలు లేవు. మీ కాగితంలో దాన్ని వేరే వరుసలో రాసుకోండి. ఇదే పద్ధతిని తరువాత నిర్గమకాండము 21వ అధ్యాయంలోని పొడిచే ఎద్దు విధికీ, ఇంటికి పిట్టగోడ కట్టమనే ద్వితీయోపదేశకాండము 22:8కీ వర్తింపజేసి చూడవచ్చు. ఎద్దు విషయంలో యజమానిని అంతకుముందు హెచ్చరించారా లేదా అన్న చోటి నుంచి మొదలుపెడితే పని సులువవుతుంది.