కొర్రమీను గాలానికి బోటేస్కొని పోయేముందు చూస్కోవాల్సినవి

ముందు పర్మిషన్. చాలా చెరువులు మత్స్యకారుల సొసైటీల చేతుల్లో ఉంటయి, వాళ్లని అడగకుండా గాలం వేయొద్దు, సంగారెడ్డి వైపు మంజీరా అభయారణ్యంలో అయితే అసలే వద్దు, అక్కడ మొసళ్లున్నయి.

ఇక లైన్, అంటే గాలం దారం, ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. మన హైదరాబాద్ ఎండల్లో కార్ డిక్కీలో పడేసిన నైలాన్ లైన్ చూడ్డానికి బానే ఉంటది గానీ బలం పోయుంటది, చివర్న రెండు మీటర్లు వేళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే అంతవరకు కట్ చేసి ముడి మళ్లీ వేయండి, ముడి బిగించేముందు తడపాలి, లేకపోతే రాపిడి వేడికి అక్కడే వీక్ అయితది. రాడ్ గైడ్లలో (లైన్ పోయే రింగుల్లో) కొంచెం దూది తిప్పండి, పోగు చిక్కుకుందంటే పగులుంది, అది బ్రెయిడ్‌ని (అల్లిన లైన్‌ని) కోసేస్తది. హుక్కు గోరు మీద జారితే పదును పెట్టండి. కప్ప లూర్‌ని (కప్ప ఆకారంలో ఉండే ఉత్తుత్తి ఎర) గట్టిగా పిండి లోపలి నీళ్లు తీసేయండి.

గాలి బోటైతే వాల్వులకి, అతుకులకి సబ్బునీళ్లు పూయండి, బుడగలొస్తే ఆ రోజు బోటు నీళ్లలో దించనే దించొద్దు. పొద్దున చల్లగున్నప్పుడు ఫుల్లుగా గాలి కొట్టి ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి పెరిగి అతుకులు విడిపోతయి. ఫైబర్ బోటుకి డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు వదిలే రంధ్రం మూత) ఒడ్డునే బిగించండి.

ఈతొచ్చినా సరే లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాల్సిందే, బ్యాగులో కాదు.

వానాకాలంలో కొర్రమీను పిల్లలు గుంపుగా తేలి కనబడితే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటయి, దయచేసి అక్కడ లూర్ వేయకండి.