పాత విశ్వవిద్యాలయాల పేరుప్రతిష్ఠలను ప్రజారోగ్య పరిశోధనతో తూచడం ఎలా?

ప్రజారోగ్య రంగంలో చదువుకో, పరిశోధనకో విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేవారు చాలామంది ముందుగా దాని వయసునూ ర్యాంకునూ చూస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే ఏదో ఒక రూపంలో బోధన జరిగేది. అయితే ప్రజల ఆరోగ్యం పట్ల ఆ సంస్థకున్న నిబద్ధతను ఆ ప్రాచీనత చెప్పదు, దానిని పరిశోధనల్లోనే వెతకాలి. ఎలా వెతకాలో ఆక్స్‌ఫర్డ్‌నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

మొదట, అధ్యయనాలను ఎన్నేళ్లు వదలకుండా కొనసాగించారో చూడండి. పొగాకు ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో తేల్చడానికి పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ వైద్యులందరికీ ప్రశ్నావళి పంపగా, సుమారు 40,000 మంది జవాబిచ్చారు. వారిలో పురుషులను యాభై ఏళ్లపాటు గమనించిన మీదట, సిగరెట్లు మానని వారు అసలు అలవాటు లేనివారికన్నా సగటున పదేళ్లు ముందుగా మరణిస్తున్నారనీ, ముప్పై ఏళ్ల వయసులో మానేసిన వారికి ఆ నష్టం దాదాపు పూర్తిగా తప్పుతోందనీ 2004లో వెల్లడైంది. ఇంతటి ఓపికను నేను ఏ ర్యాంకుకన్నా ఎక్కువగా గౌరవిస్తాను. అయితే ఈ అధ్యయనం మొదలైంది లండన్‌లో. 1969లో డాల్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి చేపట్టాకే దాని కీర్తి ఈ విశ్వవిద్యాలయానికీ దక్కింది. అందుకే ఏ ఘనత ఎక్కడ పుట్టిందో తప్పక ఆరా తీయాలి.

తర్వాత, ఫలించని ప్రయోగాలను ఎలా ప్రకటించారో గమనించండి. కోవిడ్ మందులను రోగులపై పరీక్షించేందుకు ఆక్స్‌ఫర్డ్ నడిపిన ‘రికవరీ’ ట్రయల్ 2020 జూన్‌లో, వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ దాదాపు మూడో వంతు తగ్గించిందని తేల్చింది. ఎందరో ఆశలు పెట్టుకున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ఆసుపత్రిలో చేరిన రోగులకు ప్రయోజనం లేదని అదే నెలలో అంతే స్పష్టంగా ప్రకటించింది. చౌకగా దొరికే పాత మందు పనిచేస్తుందని చెప్పడం ఎంత ముఖ్యమో, పనిచేయని మందును ఆపించడమూ అంతే ముఖ్యం. మీరు పరిశీలించే ప్రతి ట్రయల్‌కూ రిజిస్ట్రీలో (ట్రయల్స్ వివరాలు నమోదు చేసే బహిరంగ జాబితాలో) ముందుగా నమోదైన లక్ష్యాన్నీ, ప్రచురించిన పత్రంలోని ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. లక్ష్యం మధ్యలో మారి ఉంటే, కారణం రాశారా అని చూడండి.

నిధుల వివరాలు పత్రం చివర ఉంటాయి, వాటిని దాటవేయకండి. డాల్ అంతటివారు సైతం రసాయన కంపెనీల నుంచి ఏళ్లతరబడి సలహా రుసుము తీసుకున్న సంగతి ఆయన మరణానంతరం 2006లో విస్తృతంగా చర్చకు వచ్చింది. పొగాకుపై ఆయన చేసిన పని విలువ దానివల్ల తగ్గలేదు కానీ, గొప్ప పేరు ఉన్నచోట కూడా ఈ ప్రశ్న అడగక తప్పదని తెలిసింది.

చివరగా, విదేశాల్లోని పరిశోధన కేంద్రాలను చూడండి. ఆక్స్‌ఫర్డ్‌కు కెన్యా, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో దశాబ్దాలుగా భాగస్వామ్య కేంద్రాలున్నాయి. పత్రంలో సాధారణంగా మొదటి పేరు ప్రధానంగా పనిచేసిన వారిది, చివరి పేరు పరిశోధనకు నాయకత్వం వహించిన వారిది. అక్కడి నుంచి వెలువడిన పత్రాల్లో మొదటి, చివరి రచయితలుగా స్థానిక శాస్త్రవేత్తల పేర్లు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. ప్రవేశానికి దరఖాస్తు చేసే ముందు మీ పర్యవేక్షకుల గత ఐదేళ్ల పత్రాలకు కూడా ఇదే లెక్క వేసి, ఆ అంకెలు దగ్గర పెట్టుకునే వారితో మాట్లాడండి.