ఇంటి రికార్డింగ్ కోసం ప్రాసెసర్‌ను ఎంచుకోవడం, ఓవర్‌క్లాక్ చేయడం ఎలా?

పాటలు రికార్డు చేసే కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేగం కన్నా ఆ వేగం నిలకడగా ఉండటమే ముఖ్యం. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48,000 హెర్ట్జ్, బఫర్ (ఒక విడతలో ప్రాసెసర్‌కు అందే కొలతల మొత్తం) 128 శాంపిళ్లు అయితే, ప్రాసెసర్ ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒకసారి అన్ని ట్రాకుల లెక్కనూ పూర్తి చేసి అందించాలి. ఒక్కసారి గడువు తప్పినా హెడ్‌ఫోన్‌లో ‘టప్’మని వినిపిస్తుంది, బాగా కుదిరిన టేక్ పాడవుతుంది.

అందువల్ల కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) సంఖ్య చూసి మాత్రమే కొనకండి. ఒకే ట్రాక్ మీద ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్ అనే ఎఫెక్టులు వరుసగా ఉన్నప్పుడు, ఒకటి పని ముగిస్తే గాని తరువాతిది మొదలు కాదు కనుక, ఆ బరువంతా సాధారణంగా ఒకే కోర్ మీద పడుతుంది. ముందు సింగిల్ కోర్ వేగాన్ని పోల్చి, తరువాతే కోర్లు లెక్కపెట్టండి. గాత్రం, కొద్దిపాటి వాయిద్యాలు రికార్డు చేసేవారికి 6 లేదా 8 కోర్లు చాలునని నా అభిప్రాయం.

ఓవర్‌క్లాక్ చేయాలనుకుంటే, అంటే ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపాలనుకుంటే, ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న ప్రాసెసర్, దానికి తగిన జెడ్ శ్రేణి మదర్‌బోర్డ్ తీసుకోవాలి. ఏఎండీ డెస్క్‌టాప్ రైజెన్‌లలో చాలావాటికి ఈ వీలుంది గాని, చిప్‌సెట్ పేరు ఆంగ్ల అక్షరం ‘A’తో మొదలయ్యే మదర్‌బోర్డులు దాన్ని అనుమతించవు. ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చు.

బయాస్ (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరవగలిగే మదర్‌బోర్డ్ సెట్టింగులు) తెరవక ముందు పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి, విండోస్‌లో ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ అనే సాధనాన్ని కొంతసేపు నడపండి. చాలాసార్లు టపటపలకు కారణం వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో అయి ఉంటుంది. ఆ లోపం ఎంత ఓవర్‌క్లాక్ చేసినా పోదు.

ప్రాసెసర్ వేగం అంటే బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్ అనే అంకెతో గుణిస్తే వచ్చేది. డ్రైవర్ల సంగతి తేలాక, బయాస్‌లో బేస్ క్లాక్‌ను 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచి, మల్టిప్లయర్‌ను మాత్రం ఒక్కొక్క అంకె పెంచండి. 47ను 48 చేస్తే 4.7 గిగాహెర్ట్జ్ 4.8 అవుతుంది. పెంచిన ప్రతిసారీ అరగంట స్ట్రెస్ టెస్ట్ (ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే పరీక్ష) నడిపి, ఆపైన మీ అతి బరువైన ప్రాజెక్టును 64 శాంపిళ్ల బఫర్‌తో ప్లే చేసి చూడండి. కంప్యూటర్ తడబడితే వోల్టేజీ పెంచాలన్న ఆశ పుడుతుంది. వేడి దాదాపు వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, ఒక మెట్టు దిగడమే మేలు. ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం నాకు అలవాటు. పరిమితిని తాకిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అది పాట మధ్యలోనే జరగవచ్చు.

చివరిగా, మైకును పాడే చోటే ఉంచి, ప్రాజెక్టు నడుస్తుండగా 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో శబ్దం పెంచి వినండి. ఫ్యాన్ హోరు వినిపిస్తే మల్టిప్లయర్‌ను ఒక అంకె తగ్గించి మళ్లీ రికార్డు చేయండి.